సరుగుడు చెట్టుకు కట్టిన పొట్టేలు

మొన్న నాయుడుపేటలో షేర్ ఆటో ఎక్కాను. నా పక్కన కూర్చున్న మనిషి కాళ్ళ మధ్య ఒక పొట్టేలు ఉంది. దాని నుదుట పసుపు పూసి ఉంది. మెడలోని తాడును ఆ మనిషి చేతికి చుట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు. ఆటో గతుకుల్లో పడినప్పుడల్లా అది తల తెచ్చి నా మోకాలికి ఆనించేది. బయట వాన తుంపర. తడిసిన బొచ్చు వాసన ఆటో అంతా నిండిపోయింది.

"ఎవరి కోసం మొక్కినావన్నా?" అని అడిగాను.

"మా నాయన కోసం. ఆస్పత్రిలో ఆశ వదులుకోమన్నారు. ఇప్పుడు లేచి తిరగతా ఉండాడు," అన్నాడు సంతోషంగా.

"పొట్టేలునే మొక్కినావా?"

నన్ను వింతగా చూశాడు. "ఇంకేం మొక్కతారు సామీ?"

నేను వాకాడు పోవాలి. అది ఇంకా చాలా దూరం ఉండగానే ఆటో ఆపించి దిగిపోయాను. ముసలాయనకు మతి పోయిందని డ్రైవరు అనుకుని ఉంటాడు. రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద కూర్చుని తడుస్తూ, ఎవరికీ చెప్పని ఒక వానాకాలాన్ని తలుచుకున్నాను. నా పెళ్ళాం పిల్లలకు కూడా అది పూర్తిగా తెలియదు.

అప్పుడు నాకు పదహారో పదిహేడో. పాస్టరు కావడానికి బైబిలు చదువుకుంటున్నాను. చదువుకుంటున్నాను అనడం కంటే నన్ను అక్కడ అప్పజెప్పారు అంటేనే సరిగ్గా ఉంటుంది.

మా బైబిలు బడి సముద్రానికి కూతవేటు దూరం. చుట్టూ సరుగుడు తోపు, మధ్యలో పెంకుల కప్పుతో పొడుగాటి గది, దాని వెనక తాటాకు వంటపాక. ఆ ఒక్క గదే పగలు తరగతి, సాయంత్రం ప్రార్థన మందిరం, చాపలు పరిస్తే పడకగది. వంటపాకలో సరుగుడు పుల్లలే కాల్చేవారు. మా చొక్కాలు, దుప్పట్లు, బైబిళ్ళు అన్నీ ఆ పొగ వాసనే కొట్టేవి. పొద్దున గంజి, దాంట్లోకి ఉప్పులో ఊరిన మిరపకాయ. మధ్యాహ్నం అన్నంలోకి నీళ్ళ పచ్చిపులుసు. ఆదివారం మాత్రం ఇద్దరికి ఒక ఉడికించిన గుడ్డు, దారంతో సగానికి కోసి పెట్టేవారు. పూటపూటకూ చేపల పులుసు తిని పెరిగినవాణ్ణి నేను. ఆ కూడు నాకు గొంతు దిగేది కాదు.

ఇంటి నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఒక గుడ్డలో ఎండు నెత్తళ్ళు కట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టింది. నా పక్క చాప నాయుడుపేట వైపు రైతుబిడ్డది. చేపలంటే వాడికి అప్పటిదాకా పెద్దగా తెలియదు. ఒక సాయంత్రం ప్రార్థన జరుగుతుంటే మేమిద్దరం కడుపునొప్పి అని చెప్పి బయటికి జారుకుని, వంటపాక నిప్పుల్లో నెత్తళ్ళు కాల్చుకుని తిన్నాం. అవి కాలితే వాసన దాగుతుందా? తెల్లవారి పెద్దయ్యగారు ప్రార్థన మొదలుపెడుతూ, "నిన్న ఎవరో ధూపం వేశారు. నెత్తళ్ళ ధూపం. దేవుడు మెచ్చాడో లేదో గాని నాకు మాత్రం భలే ఆకలేసింది," అన్నారు. అంతటితో వదిలేశారు. ఆయన అలాంటి మనిషి.

పెద్దయ్యగారంటే ఆ బడికి పెద్ద, పాఠాలన్నీ చెప్పే ఒకే ఒక్క గురువు. సన్నటి మనిషి. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకునేవారు. దేవుడి స్వభావం, పాపం, విమోచన అంటూ పాత నోట్సు నెమ్మదిగా చదువుతుంటే మేం రాసుకునేవాళ్ళం. నాకు వాటిలో సగం అర్థమయ్యేది కాదు. ప్రసంగం నేర్పడానికి మాత్రం ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బడిలో చేరిన రోజే తలా ఒక సరుగుడు చెట్టు చూపించేవారు. చదువు అయ్యేదాకా అదే మన సంఘం. రోజూ పొద్దు వాలాక దాని ముందు నిలబడి వాక్యం చెప్పాలి. సరుగుడు తోపులో గాలి హోరు ఎప్పుడూ ఆగదు. ఆ హోరును దాటి చెట్టుకు వినిపించేటట్టు చెప్పగలిగినవాడు ఎంత జనంలోనైనా చెప్పగలడని ఆయన నమ్మకం. మేమందరం ఒక్కసారిగా చెట్ల మీద అరుస్తుంటే, నెత్తి మీద చేపల గంపలతో పోయే ఆడవాళ్ళు ఆగి చూసి నవ్వుకునేవాళ్ళు.

"నీ చెట్టు చూడరా, ఎండిపోతా ఉండాది. దానికి మారుమనసు వచ్చేలోపల ప్రాణం పోయేటట్టుంది," అనేవాడు నాయుడుపేట వాడు. వాడి గొంతు గంట కొట్టినట్టు ఉండేది. నా గొంతు నా పళ్ళు దాటేది కాదు.

అంత చేతగానివాణ్ణి అక్కడ ఎందుకున్నానో చెప్పాలి.

అంతకుముందు ఏడాది వాయుగుండం పట్టినప్పుడు మా నాయన సముద్రం మీద ఉన్నాడు. పోయిన పడవల్లో కొన్ని వచ్చాయి, ఆయనది రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ గంగమ్మ గుడి ముందు తడుస్తూ కూర్చున్నారు. మా అమ్మా కూర్చుంది. వస్తే పొట్టేలును ఇస్తానని గంగమ్మకు మొక్కింది. అయినా రాలేదు. అక్కడి నుంచి లేచి, ఊరి చివర పాకలో ప్రార్థనలు జరిగే చోటికి పోయింది. అంతకుముందు జ్వరాలప్పుడు రెండు మూడుసార్లు చాటుగా పోయి వచ్చిందట. అక్కడ మోకాళ్ళ మీద పడి, నా మొగుణ్ణి తెచ్చి ఇస్తే నా కొడుకును నీ సేవకు ఇచ్చేస్తాను అని మాటిచ్చింది. ఆ మాట అంటున్నప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

మర్నాడు నాయన వచ్చాడు. విరిగిన పడవ చెక్క పట్టుకుని ఎక్కడో దక్షిణాన ఒడ్డుకు కొట్టుకుపోయి, నడుచుకుంటూ వచ్చాడు. పెదవులు ఉప్పుకు పగిలి, మాట్లాడలేక నవ్వాడు. గంగమ్మకు పొట్టేలు పడింది. రెండో మొక్కు సంగతి అమ్మ నాయనకు చెప్పలేదు. పదో తరగతి అవ్వగానే, "తిండి పెట్టి చదువు చెప్తారంట, అయ్యోరు అవుతాడు," అని చెప్పి నన్ను పంపింది. నాయన మురిసిపోయాడు. సముద్రం బాధ కొడుక్కి తప్పిందని ఊరంతా చెప్పుకున్నాడు.

నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. నేను ఇక్కడ ఉన్నంత కాలమే ఆయన అక్కడ ప్రాణాలతో ఉంటాడు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. పెద్దయ్యగారి నోట్సులో ఎక్కడా లేదు. ఉప్పు నీళ్ళు తాగితే దాహం పెరుగుతుందన్నంత మామూలుగా అది నాకు తెలుసు, అంతే.

ఇక నా చదువు ఎలా సాగిందో ఊహించుకోండి. కంఠస్థం చేయమన్న వాక్యాల్లో ఒక్క మాట తప్పితే నాయన పడవకు చిల్లు పడినట్టు వణికేవాణ్ణి. గంజి బాగాలేదని మనసులో అనుకున్నా భయమే. సరుగుడు తోపు హోరు కొంచెం హెచ్చితే చాలు, తరగతి మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. తోటివాళ్ళు ప్రేమతోనో భక్తితోనో ప్రార్థన చేస్తుంటే, నేను మోకాళ్ళ మీద కూర్చుని బేరం ఆడేవాణ్ణి. ఇవాళ ఈ అధ్యాయం మొత్తం నేర్చుకుంటాను, ఇవాళ్టికి వదిలెయ్యి. అంత భయంలో మనిషి అంతకాలం ఎలా బతికాడా అని ఇప్పుడు నామీద నాకే జాలేస్తుంది.

శనివారం సాయంత్రాల్లో ఒక్కొక్కరు లేచి దేవుడు తమను సేవకు ఎలా పిలిచాడో సాక్ష్యం చెప్పాలి. ఒకడికి కలలో వెలుగు కనిపించింది. ఒకడికి పొలంలో పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది. నాయుడుపేట వాడు పాము కరిచినా బతికాడు. నా వంతు వస్తోందంటే అన్నం మానేశాను. పిలుపు లేనివాణ్ణి ఇంటికి పంపేస్తారని ఎవరో అన్నారు. పంపేస్తే నాయన గతి ఏమిటి?

"ఏదో ఒకటి అల్లి చెప్పరా. నా పాము నీకిస్తాలే," అన్నాడు నాయుడుపేట వాడు.

అబద్ధం చెబితే అది కూడా నాయన ఖాతాలోకే పోతుందని భయం. లేచి నిలబడి, "నన్ను ఎవరూ పిలవలేదు. మా నాయన బతకాలని మా అమ్మ నన్ను ఇచ్చేసింది," అని చెప్పి, తల వంచుకుని, పెట్టె సర్దుకోమంటారని ఎదురుచూశాను. గదంతా స్తోత్రం స్తోత్రం అన్నారు. వంట చేసే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెద్దయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి, ఇంతటి తల్లి ఎంతమందికి ఉంటుంది అన్నారు. ఆ తర్వాత ఎవరు వచ్చినా నన్ను పిలిచి చూపించేవారు. ఆ పొగడ్త మెడకు తాడులా బిగిసింది. ఇక ఇక్కడి నుంచి కదిలే దారి లేదని ఆ శనివారం నాకు తెలిసిపోయింది.

కార్తీకంలో మా అందరికీ తలా ఒక ప్రసంగం ఇచ్చారు. నాకు వచ్చింది, దేవుడు అడిగితే కొడుకును బలి ఇవ్వడానికి కొండ మీదికి తీసుకుపోయిన తండ్రి కథ. చివర్లో పొదలో ఒక పొట్టేలు చిక్కుకుని కనిపిస్తుంది, కొడుకు బదులు దాన్ని బలి ఇస్తాడు. రోజూ సాయంత్రం నా చెట్టు ముందు నిలబడి మొదలుపెట్టేవాణ్ణి. తండ్రి కట్టెలు కొట్టేదాకా బాగానే వచ్చేది. కొడుకు నడుస్తూ, బలికి గొర్రెపిల్ల ఏది నాయనా అని అడిగే దగ్గర మాట తడబడేది. పొట్టేలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. ఆ మాట నోటికి వచ్చేదే కాదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. చీకటి పడేదాకా ఇదే వరస.

ఆ రోజుల్లోనే మళ్ళీ వాయుగుండం అన్నారు. మా ఊళ్ళో సగం మంది పడవలు ఒడ్డుకు లాగేశారు. నాయన మాత్రం రాత్రి వేసిన వల తెచ్చుకోవాలని బయలుదేరాడు. అమ్మ ఆపలేదు. పైగా ధైర్యం చెప్పింది.

"పోయి రా. నీకేం కాదులే. నీ బదులు ఆడ వాడుండాడు గదా," అంది.

"నా బదులేంది?" అన్నాడట నాయన.

అమ్మ చెప్పింది. అన్నీ విని, నాయన పడవ దగ్గరికి పోలేదు. ఇదంతా తర్వాత అమ్మే నాకు చెప్పింది.

మర్నాడు వాన తెరిపిచ్చిన వేళ, మేం తరగతిలో ఉండగా, గేటు దగ్గర నాయన కనిపించాడు. లుంగీ మోకాళ్ళ దాకా బురద. చేతిలో తాడు, తాడు చివర పొట్టేలు. దాని నుదుట పసుపు. బస్సులో ఎక్కనివ్వలేదని మా ఊరి నుంచి నడిచే వచ్చాడు. పెద్దయ్యగారు పాఠం ఆపి బయటికి వెళ్ళారు. మేమందరం వసారాలోకి వచ్చాం. నాయుడుపేట వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడు రోజూ నా పక్క చెట్టు దగ్గరే నిలబడేవాడు, నా ప్రసంగం ఎక్కడ ఆగుతుందో వాడికి తెలుసు.

"నేను వాడి నాయన్నయ్యా," అని నాయన నన్ను చూపించాడు. "దీన్ని తోలుకోనొచ్చినా. ఇది మీ దేవుడికి. వాణ్ణి తోలుకోని పోతా."

ఎవరూ నవ్వలేదు. పెద్దయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మేం బలులు ఇవ్వమయ్యా. మనుషులందరి కోసం ఒక్క బలి ఎప్పుడో జరిగిపోయింది. మా దేవుడికి ఇంకేం అక్కర్లేదు," అన్నారు మెల్లగా.

నాయన తాడు ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఇంకేం అక్కర్లేకపోతే మంచిదేగదయ్యా. నా బిడ్డను పంపించండి."

"నేను కట్టేసి ఉంచలేదు. గేటు తీసే ఉంది. వాణ్ణే అడుగు."

అందరూ నావైపు తిరిగారు. అంత ఇంటిబెంగ పడ్డవాణ్ణి, ఆ ఇంటి వాసన ఎదురుగా వచ్చి నిలబడితే, ఉప్పు, చేప, బీడీ కలిసిన ఆ వాసనకు పరుగెత్తుకుపోయి నడుము పట్టుకోవాలనిపించింది.

"నేను రాను నాయనా," అన్నాను.

"కూడు బాగుండాదా ఈడ?"

"లేదు."

"ఎవురన్నా కొడతా ఉండారా?"

"లేదు."

"మరేంది?"

"నేనొస్తే నువ్వు సముద్రంలో పోతావు."

నాయన ఆ మాటకు పెద్దయ్యగారి వైపు చూశాడు. ఆయన ముఖం తెల్లబోయింది. నా మనసులో ఇదంతా ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. "అది వాక్యం కాదు నాయనా, దేవుడు అలాంటి లెక్కలు వేయడు," అన్నారు నాతో. నేను వినలేదు. ఎవరు చెప్పినా వినే స్థితి దాటిపోయింది. ఎంతకాలం నుంచో ఆపుకున్న ఏడుపు బయటికి వచ్చింది. పొట్టేలు సరుగుడు రెమ్మలు వాసన చూస్తూ నిలబడింది.

నాయన తడి ఇసుకలోనే గొంతుక్కూర్చున్నాడు. ఇసుక మీద వేలితో ఏదో గీసి చెరిపాడు. తర్వాత తల ఎత్తి చాలా మామూలుగా అడిగాడు.

"సముద్రానికి పోతే గదా నేను పోయేది. పోకుంటే?"

నేను ఏడుపు ఆపాను.

"ఇంక పడవెక్కను. నీళ్ళలో కాలు పెట్టను. ఇదో, ఈ అయ్యగారి ముందర చెప్తా ఉండా. అప్పుడొస్తావా?"

వెంటనే తల ఊపాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన ఏమిచ్చేస్తున్నాడో నాకు తెలియదు. తెలిసినా ఆపి ఉండేవాణ్ణి కాదేమో, అంత భయం నాది.

పొట్టేలును వెనక్కి తీసుకుపొమ్మన్నారు పెద్దయ్యగారు. నాయన ఒప్పుకోలేదు. మొక్కిన జీవాన్ని వెనక్కి తోలుకుపోగూడదన్నాడు. "దీన్ని కట్టేదానికి నీ చెట్టేదో చూపియ్యి," అన్నాడు నాతో. చెట్ల సంగతి ఎప్పుడో సెలవుల్లో నేనే చెప్పాను. ఇద్దరం కలిసి దాన్ని నా చెట్టుకు కట్టేశాం. అన్నాళ్ళూ నేను అరిచిన చెట్టు, నోట రాని పొట్టేలు. ట్రంకు పెట్టె నాయన నెత్తిన పెట్టుకున్నాడు. గేటు దాటేటప్పుడు పెద్దయ్యగారు నా కోసం ప్రార్థన చేశారు. ఆయన గొంతు కూడా ఆ హోరులో నాకు వినిపించలేదు.

ఆ పొట్టేలును క్రిస్మస్‌కు వండారని చాలా ఏళ్ళకు నాయుడుపేట వాడు కనిపించినప్పుడు చెప్పాడు. వాడు మంచి పాస్టరయ్యాడు. ఆ రోజు అందరూ కరువుతీరా తిన్నారట. పెద్దయ్యగారు మాత్రం పచ్చిపులుసుతోనే తిని లేచారట.

ఇంటికి పోయేసరికి అమ్మ చేపలు తోముతోంది. నన్ను చూసి, వెంటనే నా వెనక చూసింది, నాయన ఉన్నాడా లేడా అని. నాయన పెట్టె దించి, తన మాట చెప్పాడు. అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

"సముద్రం మీదనే ఉంటాడా దేవుడు? గట్టు మీద ఉండడా?" అంది.

ఆ రోజు నుంచి ఆమెకు శాంతి లేదు. నాయనకు దగ్గు వస్తే భయం, రోడ్డు దాటితే భయం, వరిగడ్డిలో పురుగూ పుట్రా కదిలితే భయం. సిగ్గుపడి ప్రార్థన పాకకు పోలేదు, గంగమ్మ గుడికీ పోలేదు.

పడవ మా చిన్నాయన చేతికి పోయింది. నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కుదిరాడు. కృష్ణపట్నంలో పోర్టు పనులు మొదలయ్యాక అక్కడ బొగ్గు ఎత్తే కూలికి పోయాడు. నీళ్ళ రంగు చూసి కింద ఏ చేప నడుస్తోందో చెప్పే మనిషి, బొగ్గు దుమ్ము కడుక్కుంటూ కూర్చునేవాడు. సాయంత్రం పడవలు వచ్చే వేళకు మాత్రం ఒడ్డుకు వెళ్ళేవాడు. పడవను పైకి లాగేటప్పుడు అందరూ నడుంలోతు నీళ్ళలోకి దిగుతారు. మా నాయన పొడి ఇసుక మీదే నిలబడి తాడు లాగేవాడు. అల పాదాల దాకా వస్తే వెనక్కి జరిగేవాడు. మొదట్లో తోటివాళ్ళు ఎగతాళి చేశారు. "బిడ్డకు మాటిచ్చినా," అనేవాడు. కొన్నాళ్ళకు అందరూ అడగడం మానేశారు.

ఆయన ఎండ కాసే ఒక పొద్దున ఇంట్లో మంచం మీద పోయాడు. సముద్రం ఎత్తుకుపోలేదని అమ్మ ఏడుస్తూనే అందరికీ చెప్పింది. సముద్రం నుంచి ఆయన్ని కాపాడుకున్నాం, నిజమే. కానీ ఆయనకున్న ఒక్క సుఖాన్నీ మేమే తీసేసుకున్నాం. ఇందులో ఎవరిది పాపమో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. ముగ్గురం ఒకరి కోసం ఒకరం చేసిందే అంతా.

ఆయన పోవడానికి కొన్ని నెలల ముందు ఒక సాయంత్రం, బోర్లించిన పడవ మీద ఇద్దరం కూర్చున్నాం. నేను అప్పటికి పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తున్నాను, ఇద్దరు పిల్లల తండ్రిని. చిన్నాయన పడవ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. సముద్రం చెరువులా ఉంది.

"నాయనా, ఒక్కసారి ఎక్కి తిరిగి రాగూడదా?" అన్నాను. "నేను పెద్దోణ్ణయిపోయినా. ఆ భయమంతా ఎప్పుడో పోయింది."

ఆయన నావైపు తిరిగి నా ముఖం చాలాసేపు చూశాడు.

"పోయిందా? గాలి లేస్తే నిద్ర పడతా ఉండాదా నీకు?"

పడుతోంది అనడానికి నోరు తెరిచాను. ఆ మాట నోటికి రాలేదు.

"అయితే ఉండనీలే అబ్బయా," అన్నాడు. లేచి, పాదాలకు అంటిన ఇసుక దులుపుకుని, సముద్రానికి వీపు పెట్టి ఇంటివైపు నడిచాడు.